రెండు ఎర్ర చుక్కలు

రెండు చుక్కలు!

రేణుక చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోతుంది.

మైక్రోస్కోప్ కింద పచ్చటి బోర్డు. దాని మూలన నెయిల్ పాలిష్‌తో పెట్టిన రెండు ఎర్ర చుక్కలు.

తను విప్పిన ప్రతి గేమ్ కన్సోల్ లోపలా ఓ చుక్క పెట్టడం రేణుక అలవాటు. ఎవడైనా ఇంకో చోట కెలికించి, పాడుచేసింది నువ్వేనని మీదికొస్తే చూపించడానికి. ఒక్క చుక్క. ఎప్పుడూ ఒక్కటే.

రెండు పెట్టింది జీవితంలో ఒక్కదానికే!

"నాకు రెండు పెట్టక్కా. నేను నీ కస్టమర్‌నా, తమ్ముణ్ణా?" అని గొడవపడి మరీ పెట్టించుకున్నాడు శివ.

శివ పోయి ఏడాదిన్నర దాటింది. గిద్దలూరు అవతల రైలు పట్టాల పక్కన దొరికాడు. అదే రాత్రి అతని గదిలోంచి ఈ కన్సోల్ మాయమైంది.

ఇప్పుడు... తన బల్ల మీద!

తెచ్చిన మనిషి కౌంటర్ అవతల కుర్చీలో కూర్చుని విసనకర్రలా పేపర్ ఊపుకుంటున్నాడు. రామ్‌ప్రసాద్. మార్కాపురంలో గేమింగ్ సెంటర్ ఓనర్. శివ పనిచేసింది ఆయన దగ్గరే. శివ పాడె మోసిన నలుగురిలో ఆయనొకడు.

"ఏంది రేణుకా, అట్ల ఆగిపోయినావు?"

"ఏం లేదన్నా. స్క్రూ పట్టేసింది."

స్క్రూడ్రైవర్ మళ్లీ తిప్పుతుంది.

మే నెల. మధ్యాహ్నం రెండు. వీధిలో కుక్క కూడా లేదు. షాపులన్నీ షట్టర్లు దించుకుని నిద్రపోతున్నాయి.

"ఇది ఎక్కడ కొన్నావన్నా?"

"హైదరాబాద్ నుంచి తెప్పించినాలే. కొత్తది."

కొత్తది! పై డబ్బా మాత్రం కొత్తదే. నల్లది తీసేసి తెల్లది తొడిగాడు. స్టిక్కర్లు పీకేశాడు. లోపల చుక్కలుంటాయని కలగన్నాడా ఏం?

"మా వాడు అప్‌డేట్ నొక్కేసినాడు. అప్పట్నుంచి కాపీ గేములు ఒక్కటి ఆడట్లా. ఇంట్లో ఒకటే ఏడుపు. నువ్వు పాత వెర్షన్‌కి దింపుతావంట గదా?"

"దింపుతానన్నా."

దింపుతుంది. మార్కాపురం నుంచి దోర్నాల దాకా ఆ పని వచ్చింది రేణుక ఒక్కదానికే. బయట బోర్డు మీద రేటు సగానికి సగం తగ్గించి రాయించింది కూడా ఇందుకే. దొంగ కన్సోల్ ఎక్కడుందో తనకు తెలియదు. కానీ ఎవడో ఒకడు ఏదో ఒక రోజు ఆ అప్‌డేట్ నొక్కుతాడు. నొక్కాక తన దగ్గరికే రావాలి.

అరవై ఒక్క కన్సోళ్లు విప్పింది. ప్రతిసారీ మూత తీసేముందు ఊపిరి బిగబట్టింది. రెండు చుక్కలు కనపడక ప్రతిసారీ మూత మూసేసింది.

ఇది అరవై రెండోది.

ఈయన హంతకుడా? లేక హంతకుడి దగ్గర కొన్నాడా?

తెలియాలి. దానికి ముందు ఇంకోటి కావాలి.

శివ గొంతు!

స్నేహితుడు ఏడుకొండలుతో ఆన్‌లైన్‌లో ఆటలాడుతూ తను మాట్లాడేదంతా రికార్డ్ చేసుకోడానికి శివ ఓ చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. అది పాత వెర్షన్ మీదే నడుస్తుంది. వాడు పోయిన రోజు పొద్దున అక్కాతమ్ముళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. సాయంత్రం వాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. రేణుక ఎత్తలేదు. కోపం!

తమ్ముడు తన మీద కోపంతోనే పోయాడా? ఏడాదిన్నరగా ఆ ప్రశ్న ఒక్కటే ఆమెతో కాపురం చేస్తోంది.

పని మొదలవుతుంది.

గోరంత చిప్. దాని కాళ్లకు వెంట్రుకల్లాంటి తీగలు అతికిస్తుంది. సీసం కరిగిన వాసన. చిప్‌లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి లాగుతుంది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. మూడూ సరిపోలితేనే ముందుకు... అది ఆమె పద్ధతి.

"ఎన్నిసార్లు తీస్తావమ్మా?"

"తప్పు పోతే మళ్లీ లేవదన్నా."

మూడూ సరిపోలాయి.

అప్‌డేట్ పడ్డా పాత వెర్షన్ వెంటనే చెరిగిపోదు. పక్క అరలో పడుకుని ఉంటుంది. చిప్‌లో నాలుగు అంకెలు మారిస్తే కన్సోల్ ఆ అర తెరుస్తుంది. కానీ ఒక్క మెట్టే వెనక్కి. రెండుసార్లు అప్‌డేట్ చేసి ఉంటే శివ వెర్షన్ శాశ్వతంగా పోయినట్టే.

చూస్తుంది... ఒక్కసారే!

రామ్‌ప్రసాద్ ఫోన్ మోగుతుంది. మాట్లాడుతూ గుమ్మం బయటికి వెళ్తాడు.

అంకెలు మార్చింది. హెడ్‌సెట్ తగిలించింది. స్విచ్!

మానిటర్ వెలుగుతుంది. తనకు తెలిసిన రహస్య నంబరు కొట్టి, దాచి ఉంచిన పాత అకౌంట్ తెరుస్తుంది.

శివ!

పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఫొటో. కింద "శివ మార్కాపురం". రేణుకకు ఏడుపు తన్నుకొస్తుంది. ఏడవడానికి టైం లేదు. ప్రోగ్రాం తెరుస్తుంది. ఒకే ఒక్క ఫైలు. నలభై నిమిషాలు. తేదీ... అదే రోజు! ముగిసిన టైం రాత్రి ఎనిమిది. శివ పోయింది పది తర్వాత.

అంటే హంతకుడి గొంతు ఇందులో లేదు. పోలీసులకు ఇది దండగ. రేణుకకు ఇదే సర్వస్వం.

ప్లే నొక్కుతుంది.

"...ఏడుకొండలూ, వినపడతాందా రా? హలో... హలో..."

పదకొండు సెకన్లు!

భుజం మీంచి నీడ పడుతుంది.

రామ్‌ప్రసాద్ వెనకే ఉన్నాడు. కళ్లు స్క్రీన్ మీద. నవ్వుతున్న శివ మీద. ముఖంలో నెత్తురు లేదు.

ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి వెళ్లి షట్టర్ దించేస్తాడు.

ధన్!

బల్ల మీదున్న రేణుక ఫోన్ తీసి ఆఫ్ చేసి జేబులో వేసుకుంటాడు. మానిటర్ ప్లగ్గు పీకి పారేస్తాడు. స్క్రీన్ నల్లబడుతుంది.

"ఇప్పుడు చెప్పు. ఎప్పుడు తెలిసింది నీకు?"

రేణుక కన్సోల్ వైపు చూస్తుంది.

ఆమెకు ఒక్క సంగతి అర్థమైంది. స్క్రీన్ ఆరితే మిషను ఆగిపోయిందని ఈయన అనుకుంటున్నాడు! గేమింగ్ సెంటర్ ఓనర్. పదేళ్ల అనుభవం. కుర్రాళ్ల దగ్గర వసూలు చేయడం తప్ప ఒక్క వైరు గురించీ తెలియదు.

కన్సోల్ నడుస్తూనే ఉంది. హెడ్‌సెట్ మైకుతో సహా ఆమె మెడలో ఉంది. ఆట ఆడే రిమోట్ ఒళ్లో, చున్నీ కింద ఉంది. పై బటన్ నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. స్క్రీన్ చూడనక్కర్లేదు.

కానీ...

"ఒకటే ఫైలక్కా. పాతది పోయి కొత్తది ఎక్కుతాది." శివ చెప్పిన మాట!

నొక్కితే రామ్‌ప్రసాద్ గొంతు దొరుకుతుంది. శివ గొంతు పోతుంది. నలభై నిమిషాల్లో విన్నది పదకొండు సెకన్లు!

బొటనవేలు బటన్ మీద ఉంది. నొక్కలేకపోతోంది. ఆ నలభై నిమిషాలు తప్ప ఈ లోకంలో తనకు ఇంకెవరున్నారు?

"అడిగితే పలకవేంది?" రామ్‌ప్రసాద్ బల్ల మీద చరుస్తాడు.

రేణుక కళ్లు మూసుకుంటుంది.

క్షమించురా.

నొక్కింది!

"అన్నా..." కళ్లు తెరుస్తుంది. "వాణ్ణి ఏం చేసినావు?"

"నేనేం చేయలా. వాడే చేసుకున్నాడు. వెనక గదిలో బెట్టింగ్ ఆడిస్తే వానికేం పోయింది? పోలీసులకి చెప్తానన్నాడు. చిన్నపిల్లలు చెడిపోతాండారంట! బతిమాలినా రేణుకా. మాట్లాడదాం రా అని కార్లో గిద్దలూరు దాకా తీసుకపోయినా."

"పట్టాల దగ్గరికా?"

"వినలా వాడు. బండి వస్తా ఉండింది... తోసినా. అంతే. నిమిషం పట్టలా."

నిమిషం పట్టలేదట!

రేణుక గోళ్లు అరచేతిలో దిగుతాయి. నోరు మాత్రం నెమ్మదిగానే అడుగుతుంది. ఏ రోజు? ఏ కారు? ఇంకెవరున్నారు? ఆయన చెబుతూనే ఉంటాడు. ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పుకోలేని మాట. దొర్లుకుంటూ వస్తోంది.

"మరి ఇది ఎందుకు తీసుకపోయినావన్నా?"

రామ్‌ప్రసాద్ కాస్త ఇబ్బందిగా కదులుతాడు.

"పాతికవేల వస్తువు. వదిలిపెట్టబుద్ధి కాలా."

కక్కుర్తి!

"ఎవరికన్నా చెప్తావా? చెప్పుకో పో. నీ మాట ఎవరు నమ్ముతారు? అమ్మా నాయనా లేరు. ఉన్న తమ్ముడూ పోయె. నీ ఎనకాల ఎవరుండారు?" గొంతు తగ్గిస్తాడు. "దీనికి మూత బిగించు. నేనే తగలబెట్టుకుంటా."

తొమ్మిది నిమిషాలు. రేణుక బటన్ మళ్లీ నొక్కుతుంది. ఆగింది.

స్విచ్ ఆపుతుంది. తీగలు ఊడదీస్తుంది. ఆయన కళ్ల ముందే హార్డ్ డిస్క్ బయటికి లాగి బల్ల మీద పెడుతుంది. పనికిరాని సామాన్ల డబ్బాలోంచి ఇంకో డిస్క్ తీసి అదే చోట దూరుస్తుంది. నాలుగు స్క్రూలు. మూత.

ఆయన చూస్తూనే ఉన్నాడు. ఏది లోపలిదో ఏది బయటిదో ఆయనకేం తెలుసు!

"గట్టిగా బిగించినావా?"

"బిగించినానన్నా."

ఫోన్ బల్ల మీద పడేస్తాడు. కన్సోల్ చంకలో పెట్టుకుని షట్టర్ లేపుతాడు. కారు వెళ్లిపోతుంది.

రేణుక డిస్కూ ల్యాప్‌టాపూ సంచిలో వేసుకుని స్కూటీ ఎక్కుతుంది. గిద్దలూరు! అక్కడే సీఐ అరుణ ఉంది. "ఒక్క సాక్ష్యం తీసుకురా, మీ తమ్ముడి కేసు మళ్లీ తెరుస్తా" అని అప్పుడే చెప్పిన మనిషి.

కంభం రోడ్డు. వడగాలి. ముఖం కాలుతోంది.

సగం దారిలో గుర్తొస్తుంది...

చచ్చాను!

పనికిరాని ప్రతి డిస్క్ మీదా తెల్ల టేపు అంటించి రాయడం కూడా ఆమె పద్ధతే. ఇప్పుడు కన్సోల్‌లో పెట్టిన దాని మీద తన చేతిరాత ఉంది. "పోయింది. రేణుక." తగలబెట్టే ముందు ఆయన దాన్ని రాయితో పగలగొడితే మొదట కనిపించేది అదే!

ఫోన్ ఆన్ చేస్తుంది. వెంటనే మోగుతుంది. రామ్‌ప్రసాదన్న.

ఎత్తదు.

అద్దంలో తెల్ల కారు!

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పుతుంది. స్కూటీ అరవై దాటనంటోంది. కారు పెద్దదవుతోంది. హారన్! ఇంకా దగ్గర. బంపర్ వెనక చక్రానికి తగులుతుంది. స్కూటీ ఊగి, మట్టిలోకి దిగి, మళ్లీ రోడ్డెక్కుతుంది.

ఎదురుగా రైల్వే గేటు.

దిగుతోంది!

గేట్‌మన్ అరుస్తున్నాడు. "ఓయమ్మా, ఆగు! బండి వస్తాంది!"

ఆగితే చావు. రేణుక తల హ్యాండిల్‌కి ఆనించి కర్ర కింద నుంచి దూరుతుంది. పట్టాలు. ఒక్క కుదుపు. రెండో గేటు కింద నుంచి బయటికి!

వెనక గూడ్స్ బండి దూసుకొస్తుంది. ఒకటి, రెండు, పది, ఇరవై పెట్టెలు... తెల్ల కారు అవతలే ఉండిపోతుంది.

ఆ పట్టాలే తమ్ముణ్ణి తీసుకున్నాయి. ఈరోజు తనను దాటనిచ్చాయి. రేణుక ఏడుస్తూనే బండి నడుపుతుంది.

సాయంత్రం ఐదు. సీఐ అరుణ గది.

"కన్సోల్ వాని దగ్గరుంది గదా. ఈ డిస్క్ ఒక్కటే ఎట్ల తెరుచుకుంటాది?"

"దాని తాళంచెవి నా దగ్గరుంది మేడమ్. చిప్‌ని మూడుసార్లు కాపీ తీసినా."

ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరుచుకుంటుంది.

రామ్‌ప్రసాద్ గొంతు గదంతా నిండుతుంది. "...తోసినా. అంతే. నిమిషం పట్టలా."

అరుణ కుర్చీలోంచి లేస్తుంది. వైర్‌లెస్‌లో గట్టిగా రెండు మాటలు. తెల్ల కారు. నంబరు. పది నిమిషాల్లో కంభం దగ్గర ఆపేశారని కబురు.

"గెలిచినావు రేణుకా."

రేణుక తలూపుతుంది. గెలిచింది. ఇంటికెళ్లి తలుపు తీస్తే మాత్రం ఎవరూ ఉండరు. శివ ఆఖరి గొంతును తన బొటనవేలితోనే చెరిపేసుకుంది. కోపంగా పోయాడో లేదో ఇక ఎప్పటికీ తెలియదు.

ల్యాప్‌టాప్ మూయబోతుంది.

"ఆగు," అంటుంది అరుణ. "ఇంకా నడుస్తాంది గదా?"

తొమ్మిది నిమిషాలు దాటింది. ఫైలు ఆగలేదు. కింద గీత... ఇంకా ముప్పై ఒక్క నిమిషాలు!

రేణుక ల్యాప్‌టాప్ మూత మీంచి చెయ్యి తీసేస్తుంది.

వాడి బద్ధకం! పాతది మొత్తం తుడిచి రాయడం శివకు ఎక్కడ కుదిరింది? పాత క్యాసెట్ మీద కొత్త పాట ఎక్కించినట్టు, మొదటి నుంచి పైపైన రాసుకుపోయేలా వదిలేశాడు. కొత్తది ఎంతసేపుంటే అంతే పోతుంది. మిగిలింది అలాగే ఉంటుంది!

గరగర.

ఒక చిటపట.

ఆ తర్వాత...

"...మూడుసార్లు చేసినా ఏడుకొండలూ, ఎత్తట్లా. అక్కకి కోపం వచ్చింటాది. తప్పు నాదేలే రా. పోతా పోతా మిరపకాయ బజ్జీలు పట్టుకపోతే సరి... తినేటప్పుడు అదే నవ్వుతాది."