దిద్దిన ఫొటో

మన ఫొటోగ్రాఫరుకి చేతిలో పనితనం ఉంది గానీ నోట్లో నాలుక లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కొంప మునిగింది అక్కడే.

ఆ అమ్మాయి మొదటిసారి స్టూడియోకి వచ్చింది ఉద్యోగం అప్లికేషన్‌కి ఫొటో కోసం. వానలో తడిసి వచ్చి, దువ్వెన అడిగి పుచ్చుకుని, గడ్డం కాస్త దించమంటే అతనితో పోట్లాటకి దిగింది. దించితే బుగ్గలు ఇంకా పెద్దవిగా కనిపిస్తాయట. ఇంట్లో అందరూ తనని బూరెబుగ్గలనే పిలుస్తారని, ఫొటోలో అయినా వాటిని తగ్గించి పుణ్యం కట్టుకోమని అడిగింది. అతనేమో ఆ బుగ్గల మీదే మనసు పారేసుకున్నాడు. ఆ ముక్క చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పనితనం చూపించి మెప్పు కొట్టేద్దామని గంటసేపు కంప్యూటరు ముందు కూర్చుని, బుగ్గలు తగ్గించి, దవడ గీత తేల్చి ఇచ్చాడు.

ఆమె ఆ ఫొటో వంక చాలాసేపు చూసింది.

"నేను ఇలా కూడా ఉండొచ్చన్నమాట," అంది.

ఆ తరవాత రోజుకో వంక. ఇంకో నాలుగు కాపీలని ఒకసారి, ఫ్రేమని ఒకసారి, గొడుగు మర్చిపోయానని ఇంకోసారి. ఆ గొడుగు అక్కడ లేదని ఇద్దరికీ తెలుసు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఆమె వెళ్ళాక అతను దిద్దని ఫొటో తెరిచి చూసుకునేవాడు. ఒకటి ప్రింటు తీసి సొరుగులో దాచుకున్నాడు కూడా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రోజులు గడిపేశాడు.

ఉన్నట్టుండి ఆమె రావడం మానేసింది. మూడు నెలల తరవాత వచ్చిన రోజున అతను గుర్తుపట్టలేదు.

"ఏం ఫొటో అండీ?" అన్నాడు.

ఆ 'అండీ'కి ఆమె మొహం పాలిపోయింది. "నేనే," అంది. ఆ గొంతు విన్నాకే ఆమె అని అతనికి తెలిసింది. తను దిద్దిన ఫొటోయే వచ్చి ఎదురుగా నిలబడ్డట్టుంది. ఆ ఫొటోని డాక్టరు ముందు పెట్టి అచ్చం ఇలాగే చెయ్యమన్నానని, అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదని ఆమె చెప్పింది. బుగ్గల్లో కొవ్వు తీసి, దవడ ఎముక అంచు అరగదీశారట. వాపు తగ్గేదాకా ఆగి, ముందుగా ఇక్కడికే వచ్చిందట. నవ్వబోయింది గానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు.

"నీకు ఇలా ఉంటేనే నచ్చుతుందనుకున్నాను. నువ్వే కదా చేసిచ్చావు."

అతను సొరుగు తెరిచి, అంచులు నలిగిన ఆ పాత ప్రింటు ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు నచ్చింది ఈ అమ్మాయి. మొదటి రోజునుంచీ."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"ఆ ఒక్క మాట అప్పుడే అనుంటే సరిపోయేది కదా," అని ఏడ్చింది. అతనికీ ఏడుపు ఆగలేదు. బయట మళ్ళీ వాన పట్టుకుంది.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఫొటో తియ్యమంది, ఈసారి ఏమీ దిద్దొద్దంది. అతను తీసి, ఉన్నదున్నట్టు చూపించాడు. బాగుందా అని అడిగింది.

ఈసారి అతను ఆలస్యం చెయ్యలేదు.

"నువ్వు బాగున్నావు. కానీ నాకు ఆ అమ్మాయి మీద బెంగగా ఉంది."

"నాకూ," అంది ఆమె, అతని పక్కకి వచ్చి నిలబడి.