సావ్లీ రోడ్‌లో ఛార్జ్

ఒక ఏజెంట్ చనిపోయిన చోటికి మరో ఏజెంట్‌ను పంపేటప్పుడు చీఫ్‌లు ముందుగా టీ ఇప్పిస్తారు. శ్రీధర్‌రావు కూడా ఇప్పించాడు.

కరీంనగర్‌లో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్స్ బోర్డు వెనక ఉన్న గది అది. దీక్షిత టీ తాగింది. చక్కెర వేశారో లేదో తెలియలేదు. పార్ట్‌నర్ ప్రణయ్ పోయిన రోజు కూడా ఆమె ఏడవలేదు. రిపోర్ట్ టైప్ చేసి పంపి, పడుకుంది. అప్పటి నుంచీ అంతే, ఏదీ తగలదు.

"మంచిర్యాల అవతల సావ్లీ రోడ్ స్టేషన్. మూతపడి ఏండ్లయింది," అన్నాడు చీఫ్. "ప్రణయ్ శవం ఆడనే దొరికింది. ఇయ్యాల సాయంత్రం జవాన్ల స్పెషల్ బండి ఆ దారిల్నే పోతది. బార్డర్ అవతలి ముఠా దాన్ని పేల్చాలని చూస్తున్నది. ఎట్లనో తెలుస్తలేదు."

"రిమోట్?"

"రైల్ల జామర్ ఉన్నది. ఏ సిగ్నల్ పనిచెయ్యది."

"టైమర్?"

"మన రైళ్లకా?"

దీక్షిత నవ్వలేదు.

"ముఠాల మన మనిషి హర్షిణి ఉన్నది. డాక్యుమెంటరీ తీస్తున్నట్టు వేషం. 'బండి లేటా?' అని అడుగు. 'చాయ్ తాగే టైమున్నది' అంటది."

"నేను రిలీఫ్ అడిగిన సార్."

"ఎవరున్నరమ్మా? నువ్వే పోయి రా."

రైల్వే పాత ఇనుము లెక్కగట్టే క్లర్కు వేషంలో దీక్షిత సావ్లీ రోడ్‌లో అడుగుపెట్టింది. చేతిలో స్టీల్ స్కేల్, అందులో పేలుడు పదార్థాలను పసిగట్టే సెన్సర్. ఒకప్పుడు తునికాకు, పత్తి ఎక్కించిన ప్లాట్‌ఫారంపై ఇప్పుడు ఎవరో మిరపకాయలు ఎండబెట్టారు. టికెట్ కిటికీకి ఇటుకలు కట్టేశారు. ప్లాట్‌ఫారం అంచున ఒక ముసలావిడ పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉంది.

నల్లకళ్లద్దాలు, పట్టుచీర, సెంటు వాసనతో హర్షిణి ఎదురొచ్చింది. కోడ్ సరిపోయింది.

"అంతా చెక్ చేశాను. క్లీన్," అంది హర్షిణి. "నేనైతే ఈ స్టేషన్ హిస్టరీ తీసుకుంటున్నాను. ఈ జానకీబాయి భర్త అంబదాస్ ఇక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఈమె జెండా ఊపగానే ప్రతి డ్రైవరూ హారన్ కొడతాడట. ఎంత బాగుందో! అవ్వా, ఇవాళ జెండా బాగా ఎత్తాలి."

"రోజు ఎత్తుతలేనా?" అంది జానకీబాయి. దీక్షిత వైపు తిరిగింది. "మా మాలక్ డ్యూటీల్నే పానం ఇడిసిండు బిడ్డా. రిలీవర్ వస్తడన్నరు. రాలే. టేషనే మూసిండ్రు. ఛార్జ్ తీసుకునేటోడు లేడాయె. జెండ నా చేతుల్నే ఉండిపాయె."

దీక్షిత తలూపి, ఇనుము చూసే నెపంతో ప్లాట్‌ఫారం చివరి కల్వర్టు కిందికి దిగింది. స్కేల్ వణికింది. రాళ్ల మధ్య ఒక పెట్టె ఉంది. యాంటెన్నా లేదు, గడియారం లేదు. ఉన్నది ఒక్క మైక్. ప్రతి డ్రైవరూ ఇక్కడ హారన్ కొడతాడు; ఆ మోత వినగానే పేల్చే మైక్.

వీపుకు పిస్టల్ ఆనింది.

"ప్రణయ్ కూడా ఇక్కడిదాకా వచ్చాడు," అంది హర్షిణి.

భయం వేసి ఉంటే చెయ్యి తడబడేది. వేయలేదు. దీక్షిత గిర్రున తిరిగి స్కేల్‌తో మణికట్టు మీద కొట్టింది. పిస్టల్ వాగులో పడింది. మరుక్షణంలో హర్షిణి చెయ్యి దీక్షిత జేబులోని బేడీతో కల్వర్టు ఊచకు బిగిసిపోయింది.

"ఏం చేస్తావ్?" హర్షిణి నవ్వింది. "పెట్టె కదిలిస్తే పేలుతుంది. ఎర్రజెండా చూపిస్తే డ్రైవర్ బ్రేక్ వేస్తూనే హారన్ కొడతాడు."

దీక్షిత ఫోన్ తీసింది, సిగ్నల్ పోయింది. అంటే జామర్ దగ్గరికొచ్చింది. మలుపులో ఇంజన్ కనబడింది. దీక్షిత ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తింది.

"జెండ ఎత్తకు అవ్వా!"

"డ్యూటీల ఉన్నోళ్లతోని మాట్లాడద్దు," అంది జానకీబాయి, జెండా విప్పుతూ.

లాక్కుందామంటే పట్టాల పక్కన పెనుగులాట చూసి డ్రైవర్ హారన్ కొట్టకుండా ఉంటాడా? బాంబు సంగతి చెప్పి నమ్మించేంత టైమ్ లేదు. దీక్షిత ఆమె ముందు నిటారుగా నిలబడింది.

"నేను రిలీవర్‌ను. అంబదాస్ జాగల వచ్చిన. ఛార్జ్ ఇయ్యిండ్రి."

ముసలావిడ ఆమెను కింది నుంచి పైకి చూసింది.

"ఇప్పుడా వచ్చుడు?"

"లేటయింది అవ్వా."

జానకీబాయి విప్పిన జెండాను మళ్లీ కర్రకు చుట్టింది. నింపాదిగా, ముడత లేకుండా చుట్టింది. ఛార్జ్ ఇచ్చేటప్పుడు అంబదాస్ అట్లాగే చుట్టి ఇచ్చేవాడట. రెండు చేతులతో అందించింది.

ఇంజన్ ప్లాట్‌ఫారం దగ్గరికొచ్చింది. డ్రైవర్ కిటికీలోంచి వంగి, చుట్టిన జెండా చూసి, హారన్ మీది చెయ్యి తీసేశాడు. బోగీలు వరుసగా కల్వర్టు దాటాయి. ఎవరో జవాన్ చెయ్యి ఊపాడు. హారన్ లేకుండా సావ్లీ రోడ్ దాటిన మొదటి బండి అది.

జానకీబాయి ఖాళీ చేతులు చూసుకుంది. "ఇగ జర కూసుంట," అని సిమెంటు బెంచీ మీద కూలబడింది. ఆ మొహంలోని నిమ్మళం చూసి దీక్షితకు అసూయ వేసింది. ఎన్నాళ్లకో ఏదో ఒకటి అనిపించింది.

బాంబ్ స్క్వాడ్ వచ్చి పెట్టెను, హర్షిణిని తీసుకెళ్లాక ఫోన్ మోగింది.

"శభాష్!" అన్నాడు శ్రీధర్‌రావు. "పొద్దుగాల ఆఫీసుకు రా. కొత్త అసైన్‌మెంట్ ఉన్నది."

"రాలేను సార్. పొద్దుగాల ప్యాసింజర్ బండి ఉన్నదట. జెండ ఎత్తాల్నని అవ్వ మరీ మరీ చెప్పింది."

"ఎన్ని రోజులు?"

దీక్షిత చంకలోని జెండా సర్దుకుంది.

"రిలీవర్‌ను పంపిండ్రి సార్. వస్త."