ఆరో గీత

గోడ మీది తెరలో రెహానా పేరు పక్కన ఐదో గీత పడింది. పొద్దుటి స్టాండప్ మీటింగులో నిలబడ్డ ఆరుగురూ అక్కడికక్కడే నోళ్లు మూసుకున్నారు.

ఆ తెర పేరు అల్లిక. ఆఫీసు పెద్ద డాక్టర్ హేమాద్రి కనిపెట్టాడు. పని గురించి ఎవరు ఎవర్ని ఏది అడిగినా, అడక్కుండా చెప్పినా, ఎదుటి మనిషి పేరు పక్కన ఒక గీత. వారంలో ఒకే మనిషికి ఆరు గీతలు పడితే ఆ మనిషి నెట్‌వర్క్‌కి ప్రమాదమట. రేపు ఆ మనిషి రాకపోతే పని ఆగిపోతుందట. అందుకని అల్లిక ఇవాళే ఉద్యోగంలోంచి తీసేస్తుంది. పని తెలిసినవాళ్లను పీకెయ్యడానికి ఇంత సైన్సు కావాలా అంటే, ఆయనకు అవార్డు వచ్చింది దీనికే.

గుండ్లేరు డ్యామ్ గేట్ల ప్రోగ్రామ్ ఆ రోజు ఓబులేశు విడుదల చెయ్యాలి. అందులో ఏడో గేటు అంకె ముందు మైనస్ గుర్తుంది. మిగతా గేట్లకు లేదు. అది రాసిన రెహానా మూడడుగుల దూరంలోనే ఉంది.

"సార్, అక్కని ఒక్క మాట అడగాల."

"అడుగు. ఎవరొద్దన్నారు?" అన్నాడు హేమాద్రి.

"అడిగితే అక్క ఉద్యోగం పోతాది కద సార్."

"తీసేది నేను కాదోయ్, గణితం."

గణితానికి ఇంటద్దె లేదు మరి. రెహానా మీది ప్రేమకొద్దీ ఓబులేశు ఆ మైనస్ టైపింగ్ తప్పే అనుకుని తుడిచేసి, ప్రోగ్రామ్ విడుదల చేశాడు.

పదకొండింటికి, మూసుకోమంటే ఏడో గేటు తెరుచుకుంది. దిగువన ఏటి ఇసుకలో పుచ్చకాయలు కోసే కూలీలున్నారు.

"అక్కా, ఏడో గేటు..."

ఆరో గీత. రెహానా కంప్యూటర్ నల్లబడింది.

"ఆ మోటారు తిరగేసి బిగించారురా. మైనస్ పెట్టు. తర్వాత వణుకుదువు గాని."

పెట్టాడు. గేటు మూసుకుంది. డ్యామ్ నుంచి ఫోనొచ్చింది: ఒకావిడ తప్ప అందరూ గట్టెక్కారు, ఆమె కోసం వెతుకుతున్నారు.

"ముందే అడిగుంటే ఏం పోయేది?" అంది రెహానా, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

"నువ్వు పోయేదానివక్కా."

"ఇప్పుడు ఉన్నానా?"

ఆమె వెళ్లగానే అందరూ ఓబులేశు బల్ల చుట్టూ మూగారు. ఏడో గేటు సంగతి తెలిసినవాడు ఇక అతనొక్కడే. ఆ మోటారెందుకట్లా? ఇంకే గేటన్నా అట్లా ఉందా? అడిగిన ప్రతిసారీ ఓబులేశు పేరు పక్కన ఒక గీత. ఐదోది పడ్డాక గాని ఎవరూ గోడ వైపు చూడలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. డ్యామ్ నెంబరే.

ఓబులేశు దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. అది మోగుతూనే ఉంది. ఎత్తమని అతనికి ఎవరూ చెప్పలేదు. చెబితే అదీ గీతే.