గంజి ఆరిన పడుగు

బొరుగులతో చేసిన ఉగ్గానిలో పుట్నాల పొడి ఎక్కువైందా, తక్కువైందా అన్నదాని మీద ఆ ఉదయం చెన్నప్ప ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ఎక్కువైందని ఆయన భార్య రుద్రమ్మ, సరిపోయిందని కొడుకు బసవరాజు, ఇంకొంచెం వేసినా బాగుండేదని చెన్నప్ప. చేసింది కొత్త కోడలు గిరిజ. ఎవరేమన్నా గిన్నె ఖాళీ అయింది కదా అని ఆమె లోలోపల మురిసిపోతూ, మిగిలిన మిరపకాయ బజ్జీని మొగుడి పళ్లెంలోకి తోసింది.

వైశాఖంలో పెళ్లయి ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చింది గిరిజ. బి.ఏ. చదివిన పిల్ల మగ్గం ఇంట్లో ఎలా ఇముడుతుందో అని పుట్టింటివాళ్లు బెంగపడ్డారు. ఆమెకు మాత్రం ఇక్కడ అన్నీ వేడుకే. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మగ్గం గుంటలోకి కాళ్లు వేలాడేస్తే తగిలే చల్లదనం ఒక వేడుక. తెగిన రంగు పోగుల్ని ఏరి గాజుసీసాలో నింపడం ఇంకో వేడుక. వీటన్నిటికన్నా పెద్ద వేడుక, సిరాజుద్దీన్ ఇచ్చిన ఆటపెట్టె.

సిరాజుద్దీన్ ఆదోనిలో ఆమె పుట్టింటి పక్కింటి హమీదాబీ కొడుకు. మస్కట్‌లో పని చేస్తాడు. "మా చెల్లెలి పెళ్లికి స్టీలు బిందె ఇస్తానా?" అంటూ అరచేతిలో పట్టే ఆ ఎలక్ట్రానిక్ పెట్టెను ఇచ్చాడు. అద్దంలో ఒక నల్లటి చిన్న మనిషి బుట్ట పట్టుకుని అటూ ఇటూ ఉరుకుతుంటాడు. పైనుంచి మామిడికాయలు రాలుతుంటాయి. మీటలు నొక్కి వాటిని పట్టించాలి. ఆడనప్పుడు అదే గడియారం, అలారం కూడా. గిరిజకూ బసవరాజుకూ సాయంత్రాలన్నీ దాంతోనే గడిచేవి. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు మోచేత్తో పొడవడం, "అది లెక్కకు రాదప్పా!" అని పోట్లాడుకోవడం.

"ఏమ్మా, ఆ పెట్టెలో మనిషి ఇంకా కాయలు పడతానే ఉండాడా?" అన్నాడు చెన్నప్ప చేయి కడుక్కుంటూ.

"నిన్న మూడొందలు పట్టినాడు మామా!"

"మూడొందలు పట్టి ఏం లాభం? ఒక్కటన్నా ఊరగాయకు వస్తాదా?" అంది రుద్రమ్మ. "మా వాడు సూడు, మగ్గం మీద నూలు కండె మార్సేటప్పుడు కూడా బొటనవేళ్లు ఆడిస్తాండాడు."

"నువ్వూ ఆడి సూడుమా, అప్పుడు తెలుస్తాది," అన్నాడు బసవరాజు.

"నాకు ఒక పిచ్చోడు సాలు ఇంట్లో."

గిరిజ పకపకా నవ్వి, పెట్టె తెచ్చి మామ చేతుల్లో పెట్టింది. చెన్నప్ప దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ముఖానికి దగ్గరగా తెచ్చాడు, దూరంగా జరిపాడు, వాకిలి వెలుతురు వైపు తిప్పాడు. కాయలన్నీ టపటపా నేలపాలయ్యాయి. ఒక్కటీ పట్టలేకపోయాడు.

"అయ్యో మామా! అన్నీ వదిలేసినారు! ఎదురుగానే పడె గదా, సూడకుండా యాడికి సూస్తాండారు?" గిరిజ పొట్ట పట్టుకుని నవ్వింది.

చెన్నప్ప కూడా నవ్వాడు. "ముసలోడికి ఏంటికి లేమ్మా ఈ కాయలు," అని పెట్టె తిరిగి ఇచ్చేశాడు. రుద్రమ్మ మాత్రం నవ్వలేదు. పళ్లేలు తీసుకుని లోపలికి పోయింది.

కొంచెంసేపటికి చెన్నప్ప అసలు మాట ఎత్తాడు. "రేపు తెల్లారుజామున పడుగు సాపల్ల. శ్రావణం గదా, ఈదిలో అందరూ ఉరుకుంద తిరునాళ్లకు పోయినారు. పక్కింటి ఉరుకుందప్ప ఇంటికీ తాళమే. మనం నలుగురమే."

పడుగు చాపడమంటే ఇంట్లో అందరికీ పని. చీర పొడవునా పోయే నూలు పోగులన్నిటినీ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు బిగించి కడతారు. గంజి చల్లి, ఇద్దరు రెండువైపులా నిలబడి పెద్ద కుంచెలతో ఒకే అడుగుగా నడుస్తూ దువ్వుతారు. ఇంకొకరు కొస బిగువు చూడాలి, మరొకరు తెగిన పోగులు ముడివేయాలి. ఎండ పడకముందే అంతా అయిపోవాలి. ఒకవైపు కుంచె ఆలస్యమైతే గంజి ఆరి పోగులన్నీ అట్ట కట్టుకుపోతాయి.

"నేను ముందే లేసి రాట్నం తిప్పుతా," అంది రుద్రమ్మ.

ఆ ఇంట్లో అదొక పద్ధతి. పెళ్లయిన కొత్తలో జంట గది తలుపు ఎవరూ తట్టరు, పేరు పెట్టి పిలవరు. నిద్ర లేపాలంటే అత్త వచ్చి కిటికీ కింద రాట్నం పెట్టుకుని కండెలు చుట్టడం మొదలుపెడుతుంది. గిరగిరమని ఆ చప్పుడు వినిపిస్తే లోపలివాళ్లు లేచి వస్తారు. గిరిజకు మొదట్లో అది ముచ్చటగా ఉండేది. ఇప్పుడు కొంచెం నవ్వొచ్చేది.

"వద్దత్తా! మీకేంటికి శ్రమ? ఇది మోగుతాది," అంది పెట్టె చూపిస్తూ. "నాలుగున్నరకు పెడతా. కొన్నేండ్లు పోతే కోళ్లకు కూడా పని ఉండదు, సూడండి. ఈ కుంచెలూ గంజీ కూడా ఉండవు. అన్నిటికీ మిషన్లే."

"కోడికి పని లేకపోతే కూరకు వస్తాది. మాకు పని లేకపోతే ఎందుకొస్తాం?" అంది రుద్రమ్మ.

"ఊరుకోవే," అన్నాడు చెన్నప్ప. "సదువుకున్న పిల్ల సెప్తాంది గదా. అదే మోగనీ."

ఆ రాత్రి పెందలాడే పడుకోవాలనుకున్నారు. ఒక్క ఆట అన్నాడు బసవరాజు. ఓడిపోయి, ఇంకొక్కటి అంది గిరిజ. చివరికి కళ్లు మూతపడుతుండగా గబగబా మీటలు నొక్కి అలారం పెట్టి, పెట్టెను దిండు కింద దోపింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ చువ్వల నీడ మంచం మీద పరుచుకుని ఉంది. ఎండ! పక్కన బసవరాజు హాయిగా గురకపెడుతున్నాడు. గిరిజ అతన్ని లేపి, చీర కుచ్చిళ్లు పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

వీధి పొడవునా పడుగు బిగించి ఉంది. ఒకవైపు చెన్నప్ప కుంచెతో వంగి ఉన్నాడు. చొక్కా లేని వీపు మీద చెమట కాలువలు కడుతోంది. రెండోవైపు రుద్రమ్మ. ఆ పెద్ద కుంచె ఆమె చేతికి ఆగడం లేదు. ఆయన పది అడుగులు ముందుంటే ఆమె వెనకపడిపోయింది. కొస బిగువు చూసేవాళ్లు లేక పడుగు నడుమ ఉయ్యాలలా జారింది. చల్లిన గంజి ఎండకు తెల్లగా పొలుసు కట్టింది. బసవరాజు పోయి అమ్మ చేతిలో కుంచె లాక్కుని ఒక్క దువ్వు దువ్వాడు. పటపటమని పోగులు గుంపుగా తెగాయి.

"ఆపు," అన్నాడు చెన్నప్ప. "ఇంక దువ్వొద్దురా. పోయింది."

ఆ మాట మెల్లగానే అన్నాడు. దానికే బసవరాజుకు కోపం ముంచుకొచ్చింది.

"లేపలేదేం నాయనా? ఒక్క కేక వేసుంటే వచ్చేవాళ్లం గదా! తలుపు కొట్టేదానికి సేతులు లేవా మీకు?"

"కొత్తగా పెండ్లైనోళ్ల తలుపు కొట్టేదారా?" చెన్నప్ప ముఖం ఎర్రబడింది. "మా నాయన కొట్టలేదు, నేనెట్ల కొడతా?"

"అయితే రాట్నమన్నా తిప్పకపోయినారా!"

"తిప్పబోయినా!" రుద్రమ్మ గొంతు వీధంతా వినిపించింది. "మీ నాయనే సెయ్యి పట్టుకున్న్యాడు. పిల్ల మిషన్ మోగుతాదని సెప్పింది, నువ్వు తిప్పితే దాని మాట మీద మనకు నమ్మకం లేదనుకుంటాది, సిన్నబోతాది అన్న్యాడు. ఇప్పుడు మోగుతాది, ఇప్పుడు మోగుతాది అని ఇద్దరమూ కిటికీ కింద నిలబడినాం. గంజి సల్లారిపాయ, పొద్దు ఎక్కొచ్చె. మీ మిషన్ మోగలా. ఆఖరికి మేమిద్దరమే సాపినాం."

గిరిజ అత్త దగ్గరికి వచ్చింది. "నేను పెట్టినానత్తా... నిజంగా పెట్టినా..."

"రుద్రా, పోనీలే," అన్నాడు చెన్నప్ప. "ఇంకో పడుగు కట్టుకుందాం. గుడ్డే గదా."

"ఇంకోటి యాడ కడతావు? ఏ కండ్లతో కడతావు?" రుద్రమ్మ కుంచెను నేలకేసి కొట్టింది. "నువ్వు సెప్పకుంటే నేను సెప్తా. ఎన్నాళ్లు దాస్తావు? సూడమ్మే గిరిజా. ఆ రంగు సూడు. నువ్వే గదా ఆ పొద్దు నేరేడుపండు రంగంటే ఇష్టమన్న్యావు. తొలి దసరాకు కోడలు మామ నేసిన సీర కట్టల్ల ఈ ఇంట్లో. నాకూ మా మామ నేసిచ్చినాడు. ఈయన కండ్లకు పొర కమ్మి ఏడాదాయ. కర్నూలు డాక్టరు ఇది ఆపరేషనుకు బాగయ్యేది కాదు, ఇంక మగ్గం ఎక్కొద్దన్న్యాడు. కోడలి సీర ఒక్కటి నేసి దిగుతా అని, సేత్తో తడుముకుంటా ఈ పడుగు పోసుకున్న్యాడు. నిన్న పొద్దున నీ పెట్టెలో కాయలు ఏంటికి వదిలేసినాడనుకుంటివి? కండ్లకు ఆనితే గదా!"

గిరిజ పడుగు వైపు చూసింది. గంజి పొలుసు కింద నేరేడు రంగు, అంచున సన్నటి పసుపు. ఎప్పుడన్నదో ఆమెకే గుర్తులేదు. వంటింట్లో ఏదో కబుర్ల మధ్య అలవోకగా అనుంటుంది. ఆ మాటను ఒకరు పట్టుకుపోయి నూలుకు రంగు వేయించారు. తానేమో ఆయన ఎదురుగా నిలబడి, చూపు ఆనని మనిషిని, యాడికి సూస్తాండారని అడిగి నవ్వింది.

బసవరాజు తండ్రి ముఖంలోకి చూశాడు. "నాకు కూడా సెప్పలేదేం నాయనా?"

"సెప్తే సీర నేయనిస్తివా?" అని చెన్నప్ప కండువాతో మెడ తుడుచుకుని లోపలికి పోయాడు. గడప దగ్గర చెయ్యి చాచి గోడను వెతుక్కోవడం గిరిజ ఆ రోజే మొదటిసారి గమనించింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మగ్గాలు ఆడలేదు. ఎవరూ సరిగా తినలేదు. చెన్నప్ప పంచలో పడుకున్నాడు. ఎండ వాలుతున్న వేళ, అంత నిశ్శబ్దంలో, గదిలోంచి కీకీమని హుషారుగా ఒక పాట మోగింది. గిరిజ పరుగెత్తి దిండు ఎత్తింది. నాలుగున్నర. పొద్దుటికి కాక సాయంత్రానికి పెట్టింది. ఆట మత్తులో, పొద్దునా సాయంత్రమా అని చెప్పే మూలనున్న ఆ చిన్న అక్షరాన్ని చూసుకోలేదు. యంత్రం తప్పేమీ లేదు. చెప్పిన వేళకు చెప్పినట్టే మోగింది. దాన్ని ఆపి చేత్తో పట్టుకుంది.

అలాగే పోయి మామ పక్కన నేల మీద కూలబడింది. "నేనే తప్పు పెట్టినా మామా. పొద్దునకు బదులు సాయంత్రానికి..." అంటూనే బావురుమంది.

చెన్నప్ప లేచి కూర్చున్నాడు. "ఏడవాకమ్మా. నువ్వేం కావాలని సేసినావా?"

"మిమ్మల్ని సూసి నవ్వినా మామా."

"ఇంట్లో పిల్ల నవ్వితే తప్పేముండాది? నాకూ నవ్వొచ్చినాది. కాయలు యాడ పడతాండాయో, ఆ బుట్టోడు యాడ ఉండాడో!"

ఆయన అలా అనకుండా రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండునని గిరిజకు అనిపించింది.

మర్నాటి నుంచి అత్తాకోడళ్లు పడుగు ముందేసుకుని కూర్చున్నారు. గోరువెచ్చటి నీళ్లు అద్ది, అట్టకట్టిన పోగుల్ని గోటితో ఒక్కొక్కటీ విడదీయడం. తెగినచోట రెండు కొసలూ కలిపి బూడిద అద్దిన వేలితో మెలిపెట్టి ముడివేయడం. మొదట్లో గిరిజ ముడులు జారిపోయేవి. రుద్రమ్మ విసుక్కుంటూనే మళ్లీ చూపించేది. నాలుగు రోజులు ముభావంగా ఉన్న అత్త, ఐదో రోజు, "గోళ్లు పెంచుకోవే, పోగు దొరుకుతాది," అంది. ఆ మాటకే గిరిజకు కన్నీళ్లు వచ్చాయి. ఎంత విడదీసినా మూడోవంతు పనికిరాకుండా పోయింది. మిగిలినదాన్ని బసవరాజు తిరిగి వీధిలో చాపాడు. ఆ తెల్లవారుజామున గిరిజ రెండోవైపు కుంచె పట్టింది.

"నేను నేస్తా నాయనా," అని బసవరాజు ఎంతో బతిమాలాడు. చెన్నప్ప వినలేదు. పోగు తెగితే కొడుకు అతికించాలి, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె మాత్రం తానే విసరాలి. రోజుకు జానెడు, ఒక్కోరోజు బెత్తెడు. గిరిజ మగ్గం పక్కనే కూర్చుని కండెలు అందించేది. కబుర్లన్నీ ఆమెవే. ఆయన ఊఁ కొట్టేవాడు.

దసరా పొద్దున చెన్నప్ప గుడ్డను మడిచి రెండు చేతులతో ఆమెకు అందించాడు. "నాలుగు గజాల కాడ ఆగిపాయనమ్మా. సీర కాలేదు. దిండ్లకో, దేనికో వాడుకో."

గిరిజ గదిలోకి పోయి, పెళ్లికి ముందరి పట్టు లంగా తీసి కట్టుకుని, ఆ గుడ్డను ఓణీగా వేసుకుని వచ్చింది. రుద్రమ్మ నోరు నొక్కుకుంది. "పెండ్లైన ఆడది ఓణీ ఏసుకుంటే ఈది నవ్వదా?"

"నవ్వనీ అత్తా," అని మామ కాళ్లకు మొక్కి, కొంగు ఆయన చేతిలో పెట్టింది.

చెన్నప్ప చూడటానికి ప్రయత్నించలేదు. బొటనవేలితో మెల్లగా తడుముకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ ఆగింది.

"ఈ ముడి నాది కాదు. మీ అత్తదీ కాదు."

"నాదే మామా. లావుగా పడింది. కనపడతాంది."

"గట్టిగా ఉండాది," అన్నాడు. వేలు అక్కడే ఉంచాడు. "ఆ పొద్దు నేను తలుపు కొట్టాల్సిందమ్మా. సీర అయ్యుండేది."

ఎండలో వంగిన ఆ వీపు, తాను ఆదమరిచి నిద్రపోయిన ఆ గంటలు ఒక్కసారిగా గిరిజ కళ్ల ముందుకొచ్చాయి. ఇంక ఈ చేతులు నాడె విసరవు. ఇంకో దసరా వస్తుంది, దుకాణంలో ఇంతకన్నా మంచి చీరలే దొరుకుతాయి. ఈయన నేసినది మాత్రం ఇంతే, ఈ నాలుగు గజాలే.

ఆమె అక్కడే కూర్చుని ఆయన మోకాలి మీద తల ఆనించింది. చెన్నప్ప కొంగు వదల్లేదు. అంచు వెంబడి వేలు ముందుకు జరిపి, "ఈడ ఇంకొకటి ఉండాది. ఇదీ నీదేనా?" అని అడిగాడు.