రాణికి నీళ్ళు, తాబేలుకి గాలి

పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి, ముసలి మెకానిక్ రెండు పాత జర్మన్ కార్లనూ స్టార్ట్ చేశాడు. ఆయన బెంజి పేరు రాణి. భార్య బీటిల్ పేరు తాబేలు. రాణి ఎంత మెత్తగా సాగేదంటే, బానెట్ మీద నిద్రపోయిన పిల్లి పొరుగూళ్ళో లేచి ఇంటికి దారి అడిగిందని ఆయన కోతలు కోసేవాడు. తాబేలు మోతకైతే చెవిటివాళ్ళు కూడా తలుపులు తీసేవారట.

పెళ్ళైన నాటి నుంచి ఏ కారు గొప్పదన్న తగువు ఆ ఇంట్లో తెగలేదు. తాబేలులో ఎందరికో డ్రైవింగ్ నేర్పిన ఆవిడ ఒక్కనాడూ ఓడలేదు. "మీ రాణి నీళ్ళు తాగందే కదలదు. నా తాబేలు ఇంజన్ చల్లబడ్డానికి గాలి చాలు" అని ఆయన నోరు మూయించేది. పక్షవాతంతో ఆవిడ నోరే పడిపోయింది. ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీలో ఉలుకూ పలుకూ లేదు.

"విన్నావుటోయ్? నాది సంగీతం, నీది పిండిమర!" కిటికీకేసి అరిచాడు మెకానిక్.

కూతురు విసురుగా వచ్చింది. "మాట రాని మనిషితో రోజూ ఈ ఎకసెక్కాలేంటి నాన్నా? అమ్మ ముఖం ఎప్పుడైనా చూశారా? మధ్యాహ్నం తాబేలుని కొనే మనిషొస్తున్నాడు. అది కళ్ళెదుట లేకపోతే అమ్మకి ఆ బాధన్నా తగ్గుతుంది."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ముఖమేనమ్మా నేను చూసేది. ఆ పెదవులే." ఆయన తాబేలు మీద చెయ్యి వేశాడు. "తననేమన్నా నవ్వి ఊరుకునేది. తాబేలుని అంటే మాత్రం పడేది కాదు. అందుకే తిడుతున్నా. అదీ పోతే, మీ అమ్మని ఇక దేంతో కదిలించను?"

ఆయన కళ్ళు తుడుచుకుని మళ్ళీ కిటికీకేసి తిరిగాడు. "రాణికి సాటేదోయ్? ఒక్క వంక చెప్పు చూద్దాం!"

కిటికీ ఊచ మీద వేళ్ళు కదిలాయి. పెదవి ఒక పక్కకి లాగింది.

"మీ... దానికి... నీళ్ళు..."

మెకానిక్ రాణి మీద వాలిపోయి పసివాడిలా ఏడ్చాడు. కూతురు ఫోన్ తీసి, కొనే మనిషిని రావద్దంది. ఇంట్లోకి పరిగెత్తి చెంబు నిండా నీళ్ళు తెచ్చింది.

"అమ్మ గెలిచింది నాన్నా. పోయండి మీ రాణికి."

"వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదే పిచ్చిదానా, ఇంజన్ చల్లారనీ." ఏడుస్తూనే నవ్వాడాయన. "ఈలోగా తాబేలుని ఇంకో రెండు తిడతాను. మీ అమ్మ ఏమంటుందో విందాం."