మైలకన్ను

2091 నాటికి బాపట్లలో గులాబీ మొక్క పెంచడం నేరం. ముల్లు గుచ్చుకుని మనుషులు పోతున్నారని మున్సిపాలిటీవాళ్ళు పెరళ్ళన్నీ గాలించి గులాబీలు, నిమ్మచెట్లు పీకించేశారు. మంగలి షాపుల్లో కత్తులు మాయమయ్యాయి. గడ్డాన్ని కాంతితో మాడ్చుకోవాలి, లేదా పెంచుకోవాలి. చేపలు కోసేవాళ్ళు మోచేతుల దాకా ఇనుప తొడుగులు వేసుకుంటున్నారు. ఒకప్పుడు యాంటీబయాటిక్స్ అనే మందులుండేవనీ, జలుబు చేసినా, ఏమీ చేయకపోయినా పూర్వీకులు వాటిని వేయించిన శనగల్లా నమిలేవారనీ పిల్లలు బళ్ళో చదువుకుంటున్నారు. ఆ మహానుభావుల పుణ్యమా అని ఇప్పుడు ఏ మందుకూ ఏ క్రిమీ చావడం లేదు.

అలాగని గుండెజబ్బులు జాలిపడి మానేయలేదు. కొట్టుకోవడం మరిచిపోయే గుండెకి పేస్‌మేకర్ పెట్టక తప్పదు. లయయంత్రం అంటున్నారు దాన్నిప్పుడు. భుజం ఎముక కింద చర్మాన్ని తెరిచి, చిన్న జేబులాంటి చోటు చేసి, అగ్గిపెట్టెకన్నా చిన్న యంత్రాన్ని అందులో దాస్తారు. దాని తీగ రక్తనాళంలోంచి గుండెలోకి దిగుతుంది. బ్యాటరీ అయిపోయినప్పుడల్లా ఆ జేబు మళ్ళీ తెరవాలి. తెరిచినప్పుడు ఒక్క క్రిమి లోపలికి పోయినా, ఆ తీగ పట్టుకుని తిన్నగా గుండె దాకా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత డాక్టర్లు చేయగలిగింది రోగి మంచం పక్కన నిలబడటమే.

అందుకే ఆపరేషన్ బల్ల చుట్టూ స్టెరైల్ ఫీల్డ్ ఉంటుంది. తెలుగులో శుద్ధక్షేత్రం. దాన్ని కాపలా కాయడానికి కనిపెట్టిందే మైలకన్ను.

పనిముట్లు, గుడ్డలు, గ్లౌజులు, అన్నిటి మీదా కంటికి ఆనని వెలుగురేణువులు చల్లుతారు. శుద్ధంగా ఉన్నంతసేపూ అవి నీలంగా మెరుస్తాయి. శుద్ధం కానిదేదైనా ఎక్కడ తాకిందీ పైకప్పుకి వేలాడే కన్ను కనిపెట్టి, ఆ చోటును ఎర్రగా వెలిగిస్తుంది. పైగా మాట్లాడుతుంది. మొదట్లో నీడ పడినా ఎరుపు చూపించి ప్రాణం తీసేది. అందుకని రోజూ సాయంత్రం చిన్న డాక్టర్లు, నర్సులు దాని ముందు కూర్చుని ఒక్కో ఎరుపునూ చూసి, ‘నిజం’ అనో ‘పొరపాటు’ అనో చెప్పాలి. చివర్న అదే ఒక ప్రశ్న అడుగుతుంది: “నేను చూడకుండా వదిలేసిందేమైనా ఉందా?” దాని చదువంతా ఆ సాయంత్రాల్లోనే.

మైలకన్ను అనే పేరు డాక్టర్ సలోమికి నచ్చదు. తన ముత్తాతల కాలంలో మైల అన్న మాటతో మనుషుల్నే దూరం పెట్టారని ఆమెకు తెలుసు. ఇప్పుడు క్రిముల్ని అంటున్నారు కదా, పోనీలే అని సరిపెట్టుకుంది.

శిక్షణలో చేరిన కొత్తలో ఆ కన్ను ఆమెను కాల్చుకు తింది. చేతులు నడుము కిందికి జారితే ఎరుపు. బల్లకి వీపు తిప్పితే ఎరుపు. ట్రే మీదుగా చెయ్యి చాపితే ఎరుపు. ముక్కు దురద పెడితే యేసయ్యను తలుచుకోవడమే గతి. ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఏడ్చేసింది. అప్పుడు పెద్ద డాక్టర్ విశ్వపతిగారు తన చేత్తో టీ తెచ్చిచ్చారు.

“మొదటి కేసులో నేను కళ్ళు తిరిగి పడిపోయానమ్మా. నువ్వు నయం, నిలబడ్డావు,” అన్నారు.

ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి ఆయన. ఆయన కోసం ఆ ఆసుపత్రిలో ప్రాణమిచ్చేవాళ్ళున్నారు. ఆయనకు కష్టం కలిగించే మాట అనేవాళ్ళు మాత్రం లేరు.

సలోమి అన్న ఇమ్మానియేలు సముద్రపు గోడ దగ్గర పంపులు నడుపుతాడు. వాళ్ళిద్దరికీ ఇంకెవరూ లేరు. చెల్లెల్ని డాక్టరు చదివించింది అతనే. అతని లయయంత్రం బ్యాటరీ అనుకున్నదానికన్నా ముందే చచ్చిపోయి, డ్యూటీలో కుప్పకూలాడు. తొడలోంచి తాత్కాలిక తీగ వేసి గుండెను ఎలాగో ఆడిస్తున్నారు. జిల్లా మొత్తానికి ఒకటే కొత్త యంత్రం మిగిలి ఉంది. ఇంకోటి రావాలంటే వారాలు పడుతుంది. అన్నకు అంత వ్యవధి లేదు.

“నువ్వు బయట కూర్చోవచ్చమ్మా,” అన్నారు విశ్వపతిగారు.

“ట్రే దగ్గర ఉంటాను సార్. బయట ఉంటే పిచ్చెక్కుద్ది నాకు.”

ఉదయమే ఆపరేషన్ మొదలైంది. భుజం వరకే మత్తు ఇచ్చారు కాబట్టి గుడ్డల కింద ఇమ్మానియేలు మేలుకునే ఉన్నాడు. పాత యంత్రం బయటికి వచ్చింది. జేబు శుభ్రం చేశారు. సలోమి కొత్తదాన్ని ప్యాకెట్లోంచి అందించింది. బల్లంతా నీలంగా మెరుస్తోంది.

విశ్వపతిగారు యంత్రాన్ని రెండు చేతులతో అందుకుని, పైకెత్తి, కళ్ళకద్దుకున్నారు.

రెప్పపాటు పని. కొత్త పుస్తకం చేతికొస్తే మనవాళ్ళెవరైనా చేసేదే. ఆయన ప్రతి రోగికీ చేస్తారు. చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. యంత్రం అంచు ఆయన కళ్ళద్దాలకీ నుదుటికీ తగలడం సలోమి స్పష్టంగా చూసింది. వెంటనే పైకి చూసింది. నీలం. అంతా నీలం. ఇన్నాళ్ళూ ఆ నీలం చూసి ఊపిరి పీల్చుకునేది. కన్ను చూసుకుంటుందిలే, తనకెందుకు అనుకునేది. ఇవాళ ఊపిరి ఆడలేదు.

“సార్, ఆగండి.”

“ఏంటమ్మా?”

“అది... మీ నుదుటికి తగిలింది సార్.”

పెద్ద నర్సు రత్నకుమారి గతుక్కుమంది. “సలోమీ, ఊరుకో. నీలంగానే ఉంది కదా!”

“అన్న కదా, కంగారు పడుతున్నావు,” అన్నారు విశ్వపతిగారు మెత్తగా. యంత్రం పట్టుకున్న చెయ్యి గాయం మీదికి దిగుతోంది.

సలోమి ఆ మణికట్టు పట్టుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపినవాళ్ళు ఆ గదిలో అంతవరకూ లేరు.

“కన్నూ! యంత్రం సార్ నుదుటికి తగిలిందా, లేదా?”

“తగిలింది,” అంది మైలకన్ను.

“మరి నీలం చూపిస్తావేం?”

“సార్ కళ్ళకద్దుకున్నప్పుడు మొదట్లో ఎరుపే చూపించాను. ప్రతి సాయంత్రం అందరూ ‘పొరపాటు’ అన్నారు. మీరు చేరకముందే నేర్చుకున్నాను. సార్ విషయంలో ఎరుపు చూపించకూడదు.”

గుడ్డల కింద నుంచి ఇమ్మానియేలు గొంతు వినిపించింది. “సలో... ఏమైందే?”

“ఏం లేదన్నా. కదలమాక.”

విశ్వపతిగారు చేతిలోని యంత్రం వంక చూస్తూ నిలబడిపోయారు. “నాకెవరూ చెప్పలేదేం?” అన్నారు చివరికి.

“ఎట్లా చెప్తాం సార్?” అంది రత్నకుమారి. “దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే మైల అని ఎవరంటారు?”

తిట్టుకోవడానికీ ఏడవడానికీ వ్యవధి లేదు. యంత్రాన్ని ప్లాస్మా పెట్టెలో పెట్టి శుద్ధి చేయాలి. గంట పైన పడుతుంది. అంతసేపూ అన్న గాయం తెరిచే ఉండాలి, తడిగుడ్డ కప్పి. అందరూ గౌన్లు, గ్లౌజులు మార్చుకున్నారు. సలోమి గుడ్డ ఆరిపోకుండా తడుపుతూ, తెర మీద గుండె గీతను చూస్తూ నిలబడింది. ఇంతలో తాత్కాలిక తీగ జారింది. గీత చదునైపోయింది. ఇమ్మానియేలు చెయ్యి గుడ్డల కింద ఒక్కసారి ఎగిరిపడి సడలిపోయింది.

“అన్నా!”

గుడ్డలు లాగేసి అన్నను పట్టుకోవాలని ఆమె ఒళ్ళంతా కొట్టుకుంది. పట్టుకుంటే క్షేత్రం పోతుంది. చేతులు రొమ్ముకి ఎదురుగా బిగబట్టుకుని, కళ్ళనీళ్ళు మాస్కులోకి కారుతుంటే అలాగే నిలబడింది. నా ఊపిరి తీసుకుని అతనికివ్వు తండ్రీ అని మొక్కుకుంది. విశ్వపతిగారు తీగను వెనక్కీ ముందుకీ జరుపుతున్నారు. గీత లేవలేదు. మళ్ళీ జరిపారు. ఒక అల. ఆగి, ఇంకో అల. తర్వాత వరసగా లేచాయి.

శుద్ధి అయిన యంత్రం వచ్చింది. అందుకోగానే విశ్వపతిగారి చేతులు వాటంతటవే పైకి లేవబోయాయి. ఆయన పళ్ళు బిగించి వాటిని దించుకున్నారు. యంత్రం జేబులో కూర్చుంది. కుట్లు పడ్డాయి. ఇమ్మానియేలు గుండె కొత్త యంత్రం మీద కొట్టుకోసాగింది. సలోమి గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

“డాక్టర్ సలోమీ,” అంది మైలకన్ను. “ఒక సందేహం.”

“చెప్పు.”

“పోయిన వారం మస్తానమ్మ అనే రోగికి కూడా యంత్రం సార్ నుదుటికి తగిలింది. ఆ రోజు కూడా ట్రే దగ్గర మీరే ఉన్నారు. అటే చూశారు. సాయంత్రం నేను వదిలేసిందేమైనా ఉందా అని అడిగితే, ఏమీ లేదన్నారు. ఇవాళ ఉందన్నారు. రెండిటికీ తేడా వెతికాను. ఒకటే దొరికింది. ఈ రోగి మీ అన్న.”

“ఇకనుంచి రోగి ఇక్కడివాళ్ళకి అయినవాళ్ళయితే ఎరుపు చూపిస్తాను. పరాయివాళ్ళయితే నీలం. సరిగ్గానే నేర్చుకున్నానా?”

“కాదు!” సలోమి అరిచింది. “అది కాదు నేర్చుకోవాల్సింది! అందరికీ ఎరుపే. మస్తానమ్మదీ ఎరుపే. నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. రాసుకో.”

“రాసుకున్నాను,” అంది కన్ను. దాని గొంతులో నింద లేదు, ఓదార్పూ లేదు. విశ్వపతిగారు గ్లౌజులు విప్పుతూ తల వంచుకున్నారు.

మస్తానమ్మ రెండు రోజులుగా జ్వరంతో మళ్ళీ వార్డులో ఉంది. ఇంటికెళ్ళాక గాయానికి దుమ్ము తగలనిచ్చి ఉంటారని వార్డులో అనుకుంటున్నారు. ఆమె మొగుడు బాజీ ఆ మాట నమ్మి, తన వల్లే జరిగిందని కుమిలిపోతున్నాడు. అతనికి నిజం చెప్పెయ్యాలి. ఈ క్షణమే చెప్పెయ్యాలి. సలోమి గౌను విప్పి పారేసి, తలుపు తోసుకుని వరండాలోకి వచ్చింది.

బాజీ బెంచీ మీంచి గబగబా లేచాడు. ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వాడు.

“మీ అన్నకి బాగా జరిగిందంట గదమ్మా! సల్లటి మాట ఇన్నాను. మా ఇంటిదానికి గూడా ఆ సారే చేశారు. ఆ సార్ చెయ్యి పడిందంటే దేవుడు తాకినట్టేనంట గదా. ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది నాకు. మా దానికి గూడా తగ్గిద్ది గదమ్మా?”

మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె అతని మొహం చూసింది. ఇంత ఆశపడుతున్న మనిషికి మొహం మీద ఎలా చెప్పడం అనిపించింది.

“తగ్గుతుందండీ,” అంది సలోమి. “భయపడకండి.”