చవక టికెట్, వెండి కడియాలు

తాళం విరిగి ఉంది. లోపల ఉండాల్సిన వెండి కడియాలు లేవు.

నల్ల సూట్‌కేస్, దాని జిప్పుకు వేలాడుతున్న తాళం. నాలుగు రోజుల కిందట లండన్‌లో దిగిన కుబాన్ తీసి పంపిన ఫోటో అది. బిష్కెక్‌లో పోలీస్ కెప్టెన్ రైఖాన్ దాన్ని ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. బుధవారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ చూస్తుంటే ఫోన్ బుర్రుమంది.

‘కౌలాలంపూర్ టికెట్ ధర పన్నెండు డాలర్లు తగ్గింది.’

గబుక్కున తెరిచింది. ఇరవై తొమ్మిది గంటల ప్రయాణం. రెండు చోట్ల మారాలి. ఛీ అనుకుని మూసేసింది. కూతురు అక్కడ చదువుకుంటోంది. పిల్లను కళ్ళారా చూసి ఏడాదిన్నర అయింది. దొంగల దగ్గర రోజుల తరబడి ఓపిక పట్టే మనిషి, టికెట్ల దగ్గర మాత్రం నిమిషం కుదురుగా కూర్చోలేదు.

కేసు చూడ్డానికి చిన్నదే. కడియాలు సోనున్ అపావి. అపా అంటే అమ్మ. సొంత పిల్లలకే కాదు, ఆ ఊరందరికీ ఆమె అపాయే. ఇంగ్లండ్‌లో స్ట్రాబెర్రీ తోట పనికి వెళ్ళిన ఆమె కూతురికి అక్కడే పెళ్ళి కుదిరింది. అదే ఊరివాడైన కుబాన్ కూడా ఆ తోటకే బయల్దేరుతుంటే కడియాలు అతని చేతికి అమానతుగా ఇచ్చింది. విమానం ఎక్కేవాడికి ఊరంతా ఏదో ఒకటి అప్పగించడం మామూలే. తీసుకున్నవాడు దాన్ని చేర్చి తీరాలి. చేర్చలేకపోయాడంటే మళ్ళీ ఊళ్ళో తలెత్తుకోలేడు.

అనుమానితుడు టిలెక్. విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించేవాడు. ఆ రోజు రెండు నిమిషాలపాటు ఆ సూట్‌కేస్ మీద వంగి ఉన్నట్టు సీసీ కెమెరాలో పడింది. మర్నాడే ఉద్యోగం మానేశాడు. సోమవారం, సరిహద్దు అవతలున్న అల్మాటీకి వెళ్ళే టాక్సీల దగ్గర సీటు మాట్లాడుకుంటూ దొరికాడు. జేబులో లండన్ టికెట్. పట్టుకున్నది రైఖానే. పారిపోతున్న దొంగను పట్టేశానని ఆ సాయంత్రం కాస్త పొంగిపోయింది కూడా.

ఇప్పుడా పొంగు లేదు. లాకప్ గదిలో టిలెక్ ఇటు గోడ నుంచి అటు గోడకు తిరుగుతున్నాడు.

"ఆ సూట్‌కేస్ మీద ఎందుకు వంగావు?"

"చక్రం బెల్టులో ఇరుక్కుంది మేడం. ఎన్నిసార్లు చెప్పాలి?"

"రెండు నిమిషాలా?"

"గట్టిగా లాగితే విరుగుతుంది. మెల్లగా తీశాను. విరగ్గొట్టి అవతల పడేసుంటే ఇవాళ ఇక్కడ ఉండేవాణ్ణి కాదు."

"మర్నాడే ఉద్యోగం మానేశావు. ఎందుకంత తొందర?"

"తొందరేంటి మేడం! నాకూ తోట పనికి వీసా వచ్చింది. టికెట్ కోసం రెండు నెలలు వెతికాను. ఇక్కణ్ణుంచి ఎక్కితే అందుకోలేని రేటు. అల్మాటీ నుంచైతే సగం. ఇవాళ నాలుగింటికి ఫ్లైట్."

"తర్వాత ఎక్కొచ్చుగా?"

టిలెక్ ఆగిపోయి ఆమె వైపు చూశాడు. "అది చవక టికెట్ మేడం. తేదీ మార్చరు, డబ్బు వాపసివ్వరు. ఎల్లుండికి తోటలో లేకపోతే నా చోట్లో ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. మూడేళ్ళుగా కాచుకున్న పని ఇది. మీకు ఇదొక కేసు. నాకు ఇవాళ నాలుగు దాటితే ఇక ఏమీ లేదు."

రైఖాన్ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

బయట బెంచీ మీద సోనున్ అపా. రెండు రోజులుగా అక్కడే కూర్చుంటోంది. లాకప్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా గొంతెత్తి తిడుతోంది.

"వాడు నోరు విప్పాడా లేదా అమ్మాయ్? మా అత్త నా చేతికి తొడిగిన కడియాలవి!"

"అపా, కుబాన్‌కు ఇచ్చేటప్పుడు ఏమన్నావు?"

"దారిలో పెట్టె ఎక్కడా చేతికి రాని టికెట్టే కొనుక్కోరా అన్నాను. మా తమ్ముడి పెట్టె అలాగే మాస్కోలో పోయింది. ‘ఇక్కడ అప్పగిస్తే లండన్‌లోనే చేతికొస్తుంది అపా, మధ్యలో నేను కూడా ముట్టుకోను’ అన్నాడు. అందుకే ఇచ్చాను. అంటే తీసింది ఎవడు? ఇక్కడ ఎక్కించినవాడేగా!"

లెక్క సరిగ్గానే ఉంది. కాగితాల మీద కూడా అలాగే ఉంది. పది గంటలకల్లా టిలెక్‌ను కోర్టుకు పంపమని పైనుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఫిర్యాదుదారు కుబాన్ స్టేట్‌మెంట్ ఒక్కటే మిగిలింది.

సరిగ్గా తొమ్మిదికి రైఖాన్ వీడియో కాల్ కలిపింది. అక్కడ తెల్లవారుజామున నాలుగు. కుబాన్ అప్పుడే లేచి తోటకు తయారవుతున్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సూట్‌కేస్ ఎప్పుడు తెరిచావు?"

"ఇక్కడికొచ్చాకే మేడం. చూస్తే తాళం విరిగి ఉంది."

"దారిలో?"

"ఇస్తాంబుల్‌లో విమానం మారాను, అంతే. పెట్టె నా కంట కూడా పడలేదు."

అడగాల్సినవి అయిపోయాయి. కాల్ కట్ చెయ్యబోయి రైఖాన్ ఆగింది. ఆ మాట కేసు కోసం అడిగింది కాదు. ఏడాదిన్నరగా పట్టిన జబ్బు అడిగించింది.

"అవునూ, టికెట్ ఎంతకు దొరికింది నీకు?"

కుబాన్ ముఖం వెలిగిపోయింది. చవగ్గా టికెట్ కొన్నవాడి కడుపులో ఆ రేటు దాగదు.

"రెండు వందల ఎనభై డాలర్లు మేడం! నాతోపాటు దిగినవాళ్ళు ఐదొందల యాభై పోశారు. నాలుగు రోజులు కూర్చుని పట్టాను. మీకు కావాలంటే ఎలాగో చెప్తాను!"

రైఖాన్‌కు ముందు కలిగింది అసూయే. రెండు వందల ఎనభై! నాకెందుకు దొరకవు ఇలాంటివి? వెంటనే మరో ఆలోచన తగిలింది.

దొరకవు. మే నెలలో, ఆ దారిలో, ఆ రేటుకు లండన్ దాకా ఒకే టికెట్ దొరకదు.

"లైన్‌లోనే ఉండు కుబాన్."

ఫోటో మళ్ళీ తెరిచింది. ఇన్నాళ్ళూ అందరూ తాళాన్నే చూశారు. ఆమె పక్కకు జరిపి, హ్యాండిల్‌కు అంటించిన ట్యాగ్‌ను పెద్దది చేసింది.

తర్వాత సార్జెంట్‌ను కేకేసింది. "టిలెక్‌ను తీసుకురా. అపాను కూడా."

తొమ్మిదీ ఇరవై. బల్ల మీద టీ కెటిల్‌కు ఆనించి నిలబెట్టిన ఫోన్‌లో కుబాన్. ఇటు పక్క టిలెక్, అటు పక్క సోనున్ అపా. టిలెక్‌ను చూడగానే ఆమె ముఖం తిప్పేసుకుంది.

"కుబాన్, నీది ఒక టికెట్టా, రెండా?" అంది రైఖాన్.

"అంటే?"

"ఇస్తాంబుల్ దాకా ఒకటి. అక్కణ్ణుంచి లండన్‌కు వేరే కంపెనీది ఇంకొకటి. రెండూ విడివిడిగా కొని అతికించావు. అవునా కాదా?"

"లేదు మేడం, ఎవరు చెప్పారు?"

"నీ రేటే చెప్పింది. విడి టికెట్లయితే సామాను దానంతట అది మారదు. బయటికొచ్చి నువ్వే తీసుకోవాలి, మళ్ళీ నువ్వే అప్పగించాలి. బిష్కెక్‌లో అప్పగించిన పెట్టె నేరుగా వస్తే ట్యాగ్ మీద బిష్కెక్ ఉండాలి. నువ్వు పంపిన ఫోటోలో ట్యాగ్ ఉంది. చదువు."

కుబాన్ చదవలేదు.

"నేను చదువుతాను. ఇస్తాంబుల్ నుంచి లండన్. అంతే. బిష్కెక్ ఊసే లేదు. ఏదీ, పాస్‌పోర్ట్ తెరిచి చూపించు. ఊరికే విమానం మారినవాడికి టర్కీ ముద్ర పడదు."

కుబాన్ పాస్‌పోర్ట్ తియ్యలేదు. ఎవరో బయటినుంచి కుబాన్‌ను పిలుస్తున్నారు, బండి వచ్చిందని.

"పదకొండు గంటలు మేడం..." గొంతు పీలగా వచ్చింది. "దిగింది ఒక విమానాశ్రయం, ఎక్కాల్సింది ఊరికి ఆ చివర ఇంకోటి. బస్సు కోసం నిలబడ్డాను. చలేసింది. కోటు తీద్దామని పెట్టె తెరిచాను. కోటు అడుగున ఉంది. పైనున్న కడియాల సంచి తీసి బెంచీ మీద పెట్టాను. ఇంతలో బస్సొచ్చింది. అది పోతే రెండో విమానం పోతుంది. గబగబా మూసి ఎక్కేశాను."

"సంచి?"

"బెంచీ మీదే ఉండిపోయింది."

రైఖాన్ కుర్చీలో వెనక్కి వాలింది. నాలుగు రోజులుగా వెతుకుతోంది దొంగ కోసం. ఈ కేసులో దొంగే లేడు.

"అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నేను మధ్యలో దిగానని అపాకు తెలిసిపోతుంది కదా. నాలుగు రాళ్ళకు ఆశపడి అమానతు పోగొట్టాడని ఊరంతా అంటారు. అందుకే తాళం నేనే విరగ్గొట్టాను. ఎవరో ఏదో వెతుకుతారు, దొరక్కపోతే వదిలేస్తారు అనుకున్నాను. మనిషిని పట్టుకుంటారనుకోలేదు. అపా, కడియాల వెల పంపిస్తాను..."

సోనున్ అపా ఫోన్ దగ్గరికి వంగింది. అరుస్తుందనుకున్నారు అందరూ. ఆమె గొంతు లేవలేదు.

"వెల నీ దగ్గరే ఉంచుకో. పోయాయి అపా అని ఒక్క మాట చెప్పుంటే, పిల్లాడు క్షేమంగా చేరాడు, అంతే చాలు అనేదాన్ని. రెండు రోజులు నాచేత పరాయి బిడ్డను దొంగ అనిపించావు. వీడి తల్లికి ఫోన్ చెయ్యి. ఇవాళే. నాకు చెప్పిందే ఆమెకూ చెప్పు."

కుబాన్ తల ఊపాడు. ఏడుస్తున్నాడు.

టిలెక్ మాత్రం ఎవరినీ చూడటం లేదు. గోడ గడియారాన్ని చూస్తున్నాడు.

కుబాన్ స్టేట్‌మెంట్ రాయించి, పైవాళ్ళకు నచ్చజెప్పి, విడుదల కాగితం చేతికొచ్చేసరికి పదకొండున్నర. "పద" అంది రైఖాన్. స్టేషన్ జీపు తనే నడిపింది. వెనక సీట్లో సోనున్ అపా. రమ్మని ఎవరూ పిలవలేదు. దిగమని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

దారంతా రైఖాన్ హారన్ మీదినుంచి చెయ్యి తియ్యలేదు. కొర్దాయ్ సరిహద్దు దగ్గర జనం పాములా మెలికలు తిరిగిన వరుసలో ఉన్నారు. ఆమె కార్డు పైకెత్తి, "జరగండి, జరగండి!" అంటూ టిలెక్‌ను చెయ్యి పట్టి ముందుకు లాక్కెళ్ళింది. ఒకడు గొణిగాడు. "నాదే తప్పు, ఈ అబ్బాయిని అన్యాయంగా పట్టుకున్నది నేనే. తిట్టాలంటే నన్ను తిట్టు" అంది. వాడు నోరు మూసుకుని పక్కకు తప్పుకున్నాడు.

"అవతల టాక్సీలుంటాయి, గడియారం కూడా మనకన్నా గంట వెనక. ఎలాగైనా అందుకుంటావు" అంది టిలెక్‌తో.

"అందుకోకపోతే?"

ఆమె అతని చేతి సంచి అందుకుని అతని భుజానికి తగిలించింది.

గేటు ముందు సోనున్ అపా అడ్డం నిలబడింది. వేలికున్న వెండి ఉంగరాన్ని తిప్పి తిప్పి లాగుతోంది. ముసలి కణుపు మీద అది కదలనంటోంది. ఎలాగో ఊడబెరికి టిలెక్ ముందుకు చాపింది.

"మా పిల్లకిచ్చెయ్. నువ్వెళ్ళే తోట కూడా అదే జిల్లా అట."

టిలెక్ చెయ్యి చాపలేదు. "నా టికెట్‌కు పెట్టె లేదు అపా. చేతి సంచి ఒక్కటే."

"ఉంగరానికి పెట్టె దేనికిరా!"

"దారిలో పోతే?"

"పోతే పోయిందని చెప్పు. నమ్ముతాను."

టిలెక్ ముఖం అదోలా అయింది. రెండు రోజులుగా బిగపట్టుకున్నదంతా కళ్ళలోకి వచ్చింది. మోచేత్తో తుడుచుకుని, ఉంగరం తన చిటికెన వేలికి తొడుక్కుని, సరిహద్దు వంతెన మీదకు పరుగెత్తాడు.

రైఖాన్ జీపు తిప్పబోయింది. "ఆగు" అంది అపా. "వాడు ఎక్కాడో లేదో తెలియకుండా నేను కదలను."

ఇద్దరూ సమోసాలాంటి వేడి సంసాలు కొనుక్కుని జీపులోనే కూర్చున్నారు. ఒకటి. రెండు. మూడు దాటింది. రైఖాన్ ఫోన్ రెండుసార్లు బుర్రుమంది. రెండుసార్లూ కౌలాలంపూరే. తెరవకుండానే తోసేసింది. నాలుగున్నర. అపా పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్లో తెలియలేదు.

అయిదుకు ఏడు నిమిషాలుండగా మెసేజ్ వచ్చింది. రైఖాన్ పైకి చదివింది.

‘ఎక్కాను మేడం. ఉంగరం భద్రం. సంచి నా కాళ్ళ మధ్యే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.’

సోనున్ అపా దాన్ని మళ్ళీ ఒకసారి చదివించుకుంది. తర్వాత తలగుడ్డ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"టిలెక్ వాళ్ళమ్మ ఇల్లు ఎక్కడో నీకు తెలుసుగా" అంది. "నన్నక్కడ దింపు."